ఇరాన్–ఇజ్రాయెల్ యుద్ధం: షార్జాలో ఉన్న మనం తెలుసుకోవాల్సిన పాత కథ

2025 జూన్ 23, సోమవారం రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, మెస్‌లో తినే టైముకు ఫోన్లలో ఒకటే వార్త. ఖతార్‌లో అమెరికా వాళ్ల అల్ ఉదీద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసింది. కాసేపు ఖతార్, కువైట్, బహ్రెయిన్‌తో పాటు యూఏఈ మీద కూడా విమానాలు ఆగిపోయాయి. ఆ రాత్రి ఇంటి నుంచి మీకు ఎన్ని కాల్స్ వచ్చాయి? "ఏమైతున్నదిరా అక్కడ? వచ్చెయ్" అని అమ్మ. "టికెట్ చూసుకోండి" అని భార్య. పక్క బెడ్ మీదున్న అన్న ఏమో "ఇదంతా ఎప్పుడూ ఉండేదే, పడుకో" అన్నాడు.

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ భయపడి టికెట్ కొనేదానికైనా, ధైర్యంగా పడుకునేదానికైనా అసలు సంగతి తెలిసి ఉండాలి. వాట్సాప్‌లో వచ్చే వీడియో అది చెప్పదు. అందుకే ఈ యుద్ధం వెనక ఉన్న నూరేళ్ల కథను ఇక్కడ వరసగా పెడుతున్నాం. తీరిక ఉన్నప్పుడు చదవండి, రూమ్‌లో మిగతావాళ్లకు చదివి వినిపించండి, ఇంటికి కూడా పంపండి.

ఒక్క ముక్క మాత్రం ముందే చెప్పాలి. ఈ చరిత్రే ఇప్పుడు మనల్ని భయపెడుతున్నది. మన ఊళ్లనుంచి మనల్ని ఇక్కడికి తెచ్చింది కూడా ఇదే. ఆ రెండో సంగతి మనకు ఎవరూ చెప్పరు.

షార్జా ఈ కథలోకి ఎప్పుడు వచ్చింది

మనం ఇక్కడికి కొత్తగా వచ్చామనుకుంటాం గానీ, ఈ తీరానికీ మన దేశానికీ సంబంధం చాలా పాతది. 1820లో షార్జా, రస్ అల్ ఖైమా వంటి చోట్ల షేక్‌లతో బ్రిటిష్‌వాళ్లు సముద్ర ఒప్పందం చేసుకున్నారు. వాళ్లకు కావాల్సింది ఇండియాకు పోయే ఓడల దారి సురక్షితంగా ఉండటం. ఆ తరవాత నూరేళ్లకు పైగా ఈ తీరం వ్యవహారాలను బ్రిటిష్ ఇండియా ప్రభుత్వమే చూసేది. ఇక్కడి బజారులో మన రూపాయే నడిచేది. 1959లో గల్ఫ్ కోసం ప్రత్యేక రూపాయి నోట్లు వేశారు. 1966 దాకా అవే చెలామణి అయ్యాయి. దిర్హమ్ వచ్చింది 1973లో.

1932లో షార్జాలో విమానాల మైదానం కట్టారు. లండన్ నుంచి ఇండియాకు పోయే విమానాలు అప్పటిదాకా ఇరాన్ తీరంలో ఆగేవి. ఇరాన్ ఇక కుదరదని అనుమతి ఇవ్వకపోయేసరికి బ్రిటిష్‌వాళ్లు ఈ ఒడ్డుకు మారారు. ఆ పాత ఎయిర్‌పోర్టు ఇప్పుడు అల్ మహత్తా మ్యూజియం. అప్పటి రన్‌వే ఈనాటి కింగ్ అబ్దుల్ అజీజ్ స్ట్రీట్. మీరు ఎన్నోసార్లు ఆ రోడ్డు మీద పోయి ఉంటారు. అంటే ఇరాన్‌కూ పడమటి దేశాలకూ గొడవ వస్తే దాని ప్రభావం షార్జా మీద పడటం తొంభై ఏళ్ల కిందే మొదలైంది.

ఇంకో సంగతి. సముద్రంలో, షార్జా తీరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో అబూ మూసా అనే చిన్న ద్వీపం ఉంది. 1971లో బ్రిటిష్‌వాళ్లు గల్ఫ్ వదిలి వెళ్లేటప్పుడు ఇరాన్ ఆ ద్వీపం తనదంది, షార్జా తనదంది. నవంబర్ చివరలో ఇద్దరూ ఒక అవగాహనకు వచ్చారు. ఇరాన్ సైన్యం అక్కడ దిగొచ్చు, చమురు డబ్బు సగం సగం, కానీ ఎవరూ తమ హక్కు వదులుకోరు. నవంబర్ 30న ఇరాన్ సైన్యం దిగింది. అదే రోజు రస్ అల్ ఖైమాకు చెందిన పెద్ద తుంబ్, చిన్న తుంబ్ ద్వీపాలను బలవంతంగా తీసుకుంది. రెండు రోజుల తరవాత, డిసెంబర్ 2న యూఏఈ దేశం పుట్టింది. ఆ మూడు ద్వీపాల తగాదా ఇప్పటికీ తీరలేదు. మనం ఏటా డిసెంబర్ 2న నేషనల్ డే సెలవు తీసుకునేది ఆ రోజుల గుర్తుగానే.

పాలస్తీనా: అసలు పుండు ఎక్కడిది

ఇప్పుడు కొంచెం దూరం పోదాం, మధ్యధరా సముద్రం ఒడ్డుకు. ఈనాటి ఇజ్రాయెల్, గాజా, వెస్ట్ బ్యాంక్ ఉన్న నేల మొదటి ప్రపంచ యుద్ధం దాకా తుర్కీ ఒట్టోమాన్ సామ్రాజ్యంలో ఉండేది. అక్కడ ఎక్కువమంది అరబ్బులు. కొద్దిమంది యూదులు. 1917లో బ్రిటన్ విదేశాంగ మంత్రి బాల్ఫోర్, ఆ నేలలో యూదులకు ఒక జాతీయ నివాసం ఏర్పాటుకు సాయం చేస్తామని మాట ఇచ్చాడు. యుద్ధం తరవాత ఆ నేల బ్రిటిష్ పాలనలోకి వచ్చింది. యూరప్‌లో యూదుల మీద దారుణాలు పెరిగిన కొద్దీ అక్కడికి వలసలు పెరిగాయి. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ సర్కారు అరవై లక్షల మంది యూదులను చంపింది. బతికినవాళ్లకు తలదాచుకునే దేశం కావాలన్న ఒత్తిడి వచ్చింది.

1947 నవంబర్ 29న ఆ నేలను రెండు దేశాలుగా విడగొట్టాలని ఐక్యరాజ్య సమితి తీర్మానించింది. అప్పుడే విభజన దెబ్బ తిన్న మన దేశం దానికి వ్యతిరేకంగా ఓటేసింది. 1948 మే 14న ఇజ్రాయెల్ ఏర్పడింది. మర్నాడే చుట్టుపక్కల అరబ్ దేశాలతో యుద్ధం. ఆ కాలంలో సుమారు ఏడు లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్లూ పొలాలూ పోగొట్టుకుని శరణార్థులయ్యారు. షార్జాలో మీకు కనిపించే పాలస్తీనా ఇంజినీరో, దుకాణదారో ఆ కుటుంబాల మనవడై ఉండొచ్చు.

1967 జూన్‌లో ఆరు రోజుల యుద్ధం. ఇజ్రాయెల్ గాజాను, వెస్ట్ బ్యాంక్‌ను, తూర్పు జెరూసలేంను, ఈజిప్టు సినాయ్‌ను, సిరియా గోలాన్ కొండలను ఆక్రమించింది. సినాయ్‌ను తరవాత ఈజిప్టుకు తిరిగి ఇచ్చింది. మిగతా నేలల గొడవే ఈనాటి దాకా నడుస్తున్నది.

1973: మన ఊళ్లకు గల్ఫ్ దారి తెరిచిన యుద్ధం

ఇక్కడే మన కథ ఇందులో కలుస్తుంది.

1973 అక్టోబర్‌లో ఈజిప్టు, సిరియా కలిసి పోయిన నేల కోసం ఇజ్రాయెల్ మీదికి వెళ్లాయి. అమెరికా ఇజ్రాయెల్‌కు ఆయుధాలు పంపింది. దానికి కోపంతో అరబ్ చమురు దేశాలు అమెరికాకు, దాని మిత్రులకు చమురు ఆపేశాయి. కొద్ది నెలల్లోనే పీపా చమురు ధర సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దాకా పోయింది. నాలుగు రెట్లు.

ఆ డబ్బంతా గల్ఫ్‌కు వచ్చింది. రోడ్లు, ఓడరేవులు, ఆస్పత్రులు, బిల్డింగులు, ఫ్యాక్టరీలు ఒక్కసారిగా మొదలుపెట్టారు. కట్టేవాళ్లు కావాలి. ఇక్కడ జనాభా తక్కువ. అప్పుడు బొంబాయి ఏజెంట్లు మన జిల్లాలకు వచ్చారు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి మేస్త్రీలు, కూలీలు, కోనసీమ, పశ్చిమ గోదావరి వైపు నుంచి డ్రైవర్లు, వంటవాళ్లు, ఇంటిపని చేసే ఆడవాళ్లు, కడప జిల్లా నుంచి కువైట్‌కు కుటుంబాలకు కుటుంబాలు బయల్దేరింది ఆ రోజుల తరవాతే. వలస పోయేవాళ్లను కాపాడటానికి మన ప్రభుత్వం 1983లో ఎమిగ్రేషన్ చట్టం తేవాల్సి వచ్చిందంటే ఎంతమంది పోయారో చూసుకోండి.

మన తాతల కాలంలో దుబాయ్ అంటే ఏంటో ఊళ్లో ఎవరికీ తెలియదు. నాన్నల కాలానికి ఊరికి పది ఇళ్లు దుబాయ్ పైసలతో లేచాయి. మధ్యలో జరిగింది ఆ అక్టోబర్ యుద్ధం. ఈ ప్రాంతంలో యుద్ధం వస్తే చమురు కదులుతుంది. చమురు కదిలితే మన పని కదులుతుంది, ఒకోసారి పైకి, ఒకోసారి కిందికి.

ఇరాన్: స్నేహితుడు శత్రువు ఎలా అయ్యాడు

ఇరాన్‌లో చమురు బయటపడింది 1908లో. గల్ఫ్ మొత్తంలో అదే మొదలు. ఆ చమురు బ్రిటిష్ కంపెనీ చేతిలో ఉండేది. 1951లో ప్రధాని మొసద్దెఘ్ "మా చమురు మాదే" అని దాన్ని జాతీయం చేశాడు. 1953 ఆగస్టులో అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థల సాయంతో ఆయన్ని దించేశారు. షా అనే రాజు చేతికి పూర్తి అధికారం వచ్చింది. షా అమెరికాకు మిత్రుడు. ఇజ్రాయెల్‌కు కూడా మిత్రుడే, చమురు అమ్మేవాడు.

పాతికేళ్లు ప్రజలు ఆ కోపం మింగి ఉన్నారు. 1979 ఫిబ్రవరిలో విప్లవం వచ్చింది. షా దేశం వదిలి పోయాడు. ఆయతొల్లా ఖొమేనీ నాయకత్వంలో ఇస్లామిక్ రిపబ్లిక్ ఏర్పడింది. ఇజ్రాయెల్‌తో సంబంధాలు తెంచేసుకుంది. అదే ఏడు నవంబర్ 4న టెహ్రాన్‌లోని అమెరికా ఎంబసీని విద్యార్థులు ఆక్రమించారు. 52 మందిని 444 రోజులు బందీలుగా ఉంచారు. అమెరికా–ఇరాన్ వైరం అప్పటినుంచీ ఉంది. ఇరాన్‌వాళ్లు 1953 మరిచిపోరు. అమెరికావాళ్లు 1979 మరిచిపోరు. రెండు తేదీలు గుర్తుంటే సగం వార్తలు అర్థమవుతాయి.

ట్యాంకర్ల యుద్ధం: ఈ సముద్రంలోనే

1980 సెప్టెంబర్ 22న ఇరాక్ ఇరాన్ మీద దాడి చేసింది. ఎనిమిదేళ్లు కొట్టుకున్నారు. 1988 ఆగస్టులో ఆగింది. లక్షల మంది చచ్చిపోయారు, సరిహద్దు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

1984 నుంచి రెండు దేశాలూ ఒకరి చమురు ఓడల మీద మరొకరు దాడులు చేయడం మొదలుపెట్టారు. దాన్నే ట్యాంకర్ల యుద్ధం అన్నారు. ఓడల మీద పనిచేసే వేరే దేశాల నావికులు కూడా అందులో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1988 జూలై 3న, ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ నుంచి దుబాయ్‌కి వస్తున్న ప్రయాణికుల విమానాన్ని అమెరికా యుద్ధనౌక ఒకటి కూల్చేసింది. 290 మంది చనిపోయారు. అర్ధగంట ప్రయాణం లాంటి దారి అది. ఇప్పుడు ఉద్రిక్తత రాగానే విమానాలు ఎందుకు ఆపేస్తారని విసుక్కుంటాం. ఆ 290 మందిని తలచుకుంటే కారణం తెలుస్తుంది.

ఇక హార్ముజ్ జలసంధి. ఇరాన్‌కూ ఒమన్‌కూ మధ్య సన్నటి సముద్రపు దారి. అతి ఇరుకైన చోట 33 కిలోమీటర్ల వెడల్పు. ప్రపంచం రోజూ వాడే చమురులో దాదాపు అయిదో వంతు అందులోంచే పోతుంది. "హార్ముజ్ మూసేస్తాం" అనే మాట ఇరాన్ నుంచి ఎన్నోసార్లు వచ్చింది. ఆ మాట వచ్చిన ప్రతిసారీ చమురు ధర, ఓడల ఇన్సూరెన్స్ పెరుగుతాయి. షార్జాకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఈ ఎమిరేట్‌కు రెండు వైపులా సముద్రం ఉంది. ఖోర్ ఫక్కన్ రేవు హార్ముజ్‌కు బయట, ఒమన్ వైపు ఉంది. యూఏఈ కూడా చమురును హార్ముజ్ దాటకుండా ఫుజైరాకు చేర్చడానికి 2012లో పైప్‌లైన్ వేసింది. ట్యాంకర్ల యుద్ధం నేర్పిన పాఠం అది.

1990 కువైట్: మనవాళ్లు కట్టిన ఖరీదు

మనకు నేరుగా తగిలిన దెబ్బ మాత్రం కువైట్‌ది. ఎనిమిదేళ్ల యుద్ధంతో అప్పులపాలైన ఇరాక్, 1990 ఆగస్టు 2న కువైట్‌ను ఆక్రమించింది. బ్యాంకులు మూతపడ్డాయి. కువైట్ దీనార్ విలువ పోయింది. ఏళ్ల తరబడి దాచుకున్న పైసలు అక్కడే ఆగిపోయాయి. అందులో మన కడప, గోదావరి జిల్లాలవాళ్లు ఎందరో.

భారతీయులు బస్సుల్లో ఇరాక్ మీదుగా ఎడారి దాటి జోర్డాన్ చేరారు. అక్కడ అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా 59 రోజుల్లో 488 విమానాలు నడిపి, సుమారు 1,70,000 మందిని ఇంటికి తెచ్చింది. పౌర విమానాలతో అంతమందిని తరలించడం ప్రపంచంలో ఎక్కడా జరగలేదు. సినిమాలు వచ్చింది ఆ కథ మీదే. కానీ సినిమా ఎయిర్‌పోర్టులో అయిపోతుంది. ఇల్లు చేరినవాడికి అసలు కథ అక్కడే మొదలైంది. వీసా కోసం చేసిన అప్పు అలాగే ఉంది. జీతం లేదు.

దేశానికి కూడా దెబ్బ తగిలింది. చమురు ధర పెరిగింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు తగ్గింది. అప్పటికే ఉన్న ఇబ్బందులకు ఇది తోడై, 1991లో మన ప్రభుత్వం సుమారు 47 టన్నుల బంగారం విదేశీ బ్యాంకుల్లో కుదువ పెట్టింది. మీరు నెలనెలా పంపే పైసలకు దేశం లెక్కలో ఎంత బరువు ఉందో అప్పుడు తెలిసింది.

ఈ కథలో చాలామందికి తెలియని చివరి భాగం ఒకటుంది. యుద్ధం తరవాత ఐక్యరాజ్య సమితి 1991లో పరిహారాల కమిషన్ పెట్టింది. ఇరాక్ చమురు అమ్మిన డబ్బులో కొంత తీసి బాధితులకు ఇచ్చింది. కువైట్, ఇరాక్ వదిలి వెళ్లాల్సి వచ్చిన కార్మికులకూ అందులో భాగం దొరికింది. ఒంటరి మనిషికి 2,500 లేదా 4,000 డాలర్లు, కుటుంబానికి 5,000 లేదా 8,000 డాలర్లు. దేశాల ప్రభుత్వాల ద్వారా దరఖాస్తు పెట్టాలి. అక్కడ ఉన్నామని, వదిలి వచ్చామని చూపించాలి. పాస్‌పోర్టు మీద ముద్ర, వీసా కాగితం, కంపెనీ కార్డు, ఏదో ఒకటి ఉన్నవాడి పని సులువైంది. అన్నీ పారేసుకుని పరుగెత్తుకొచ్చినవాడు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

అణు ఒప్పందం నుంచి పన్నెండు రోజుల యుద్ధం దాకా

1982లో ఇజ్రాయెల్ లెబనాన్ మీదికి వెళ్లింది. దాన్ని ఎదిరించే క్రమంలో ఇరాన్ అండతో హిజ్బుల్లా పుట్టింది. 1987లో పాలస్తీనా తిరుగుబాటు మొదలైనప్పుడు గాజాలో హమాస్ పుట్టింది. 1993లో ఓస్లో ఒప్పందంతో శాంతి వస్తుందని ఆశపడ్డారు. రాలేదు. 2005లో ఇజ్రాయెల్ గాజా లోపల నుంచి సైన్యాన్ని, తన ప్రజలను తీసేసింది. 2007లో గాజా హమాస్ చేతికి వచ్చింది. అప్పటినుంచి చుట్టూ దిగ్బంధం.

ఇటు ఇరాన్ అణుశక్తి పనులు చేపట్టింది. కరెంటు కోసమే అని ఇరాన్ అంటుంది, బాంబు కోసమని ఇజ్రాయెల్ అంటుంది. 2015 జూలైలో అమెరికా సహా ఆరు పెద్ద దేశాలతో ఇరాన్ ఒప్పందం చేసుకుంది. యురేనియం శుద్ధి తగ్గిస్తుంది, బదులుగా ఆంక్షలు ఎత్తేస్తారు. 2018 మేలో అధ్యక్షుడు ట్రంప్ ఆ ఒప్పందం నుంచి అమెరికాను బయటికి తెచ్చాడు. ఇరాన్ మళ్లీ శుద్ధి పెంచింది.

2023 అక్టోబర్ 7న హమాస్ ఇజ్రాయెల్‌లోకి చొరబడి దాడి చేసింది. సుమారు 1,200 మంది చనిపోయారు, 250 మంది దాకా బందీలయ్యారు. ఇజ్రాయెల్ గాజా మీద యుద్ధం మొదలుపెట్టింది. 2025 జూన్ నాటికి అక్కడ చనిపోయినవాళ్లు 55,000 దాటారని గాజా ఆరోగ్య శాఖ లెక్క. 2024 ఏప్రిల్‌లోనూ అక్టోబర్‌లోనూ ఇరాన్, ఇజ్రాయెల్ మొదటిసారి నేరుగా ఒకరి మీద ఒకరు దాడులు చేసుకున్నారు. అప్పటిదాకా చాటుమాటుగా నడిచిన యుద్ధం బయటికి వచ్చింది.

2025 జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్ అణు కేంద్రాల మీద, సైనికాధికారుల మీద దాడి చేసింది. జూన్ 22న అమెరికా ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్‌ల మీద బాంబులు వేసింది. జూన్ 23 రాత్రి ఖతార్ దాడి. జూన్ 24న కాల్పుల విరమణ. ఆ రోజుల్లోనే ఆపరేషన్ సింధు పేరుతో మన ప్రభుత్వం ఇరాన్, ఇజ్రాయెల్‌ల నుంచి నాలుగు వేలకు పైగా భారతీయులను తీసుకొచ్చింది.

గమనించండి, జరిగింది కాల్పుల విరమణ మాత్రమే. శాంతి ఒప్పందం జరగలేదు. 1948, 1953, 1979లలో తెగినవి ఏవీ ఇంకా అతకలేదు. కాబట్టి ఇలాంటి రాత్రి మళ్లీ రావచ్చు. రాకపోతే సంతోషమే, కానీ వచ్చినప్పుడు కొత్తగా భయపడాల్సిన అవసరం మాత్రం ఉండకూడదు.

ఇది మతాల యుద్ధమా?

రూమ్‌లో ఎక్కువ గొడవలు ఈ మాట దగ్గరే వస్తాయి. పైన చెప్పిన కథను ఒకసారి మళ్లీ చూడండి. 1979 దాకా ముస్లిం రాజు పాలించిన ఇరాన్, ఇజ్రాయెల్‌కు స్నేహితుడు. ఎనిమిదేళ్లు కొట్టుకున్న ఇరాన్, ఇరాక్ రెండూ ముస్లింలు ఎక్కువున్న దేశాలే. ఆ యుద్ధంలో "బద్ధశత్రువు" ఇజ్రాయెల్ నుంచే ఇరాన్‌కు ఆయుధాలు అందాయి. కువైట్‌ను మింగింది పక్కనున్న అరబ్ దేశమే. యూఏఈ 2020లో ఇజ్రాయెల్‌తో సంబంధాలు పెట్టుకుంది. అదే యూఏఈ 2025 జూన్‌లో ఇరాన్ మీద ఇజ్రాయెల్ దాడిని ఖండించింది, ఖతార్ మీద ఇరాన్ దాడిని కూడా ఖండించింది. మన దేశం 1950లో ఇజ్రాయెల్‌ను గుర్తించింది, 1988లో పాలస్తీనాను గుర్తించింది, 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి సంబంధాలు మొదలుపెట్టింది.

నేల, చమురు, అధికారం, పాత అవమానాలు, వీటి మీద నడిచే యుద్ధం ఇది. మతం పేరు పైకి వినిపిస్తుంది. పక్క బెడ్ మీది పాకిస్తాన్ వెల్డరో, పక్క వర్క్‌షాప్‌లోని సిరియా మెకానిక్కో మీకు శత్రువు కాడు. వాడికీ ఊళ్లో అప్పుంది, వాడి తల్లీ ఆ రాత్రి ఫోన్ చేసింది. 2022 జనవరి 17న అబుదాబి ముసఫ్ఫాలో హౌతీల దాడి జరిగినప్పుడు చనిపోయిన ముగ్గురిలో ఇద్దరు భారతీయులు, ఒకరు పాకిస్తాన్‌వాడు. ఆ డ్రోన్ వాళ్ల పాస్‌పోర్టులు చూడలేదు.

చరిత్ర నేర్పిన పనులు

ఇదంతా చదివాక చేయాల్సినవి కొన్నే ఉన్నాయి.

కాగితాలు: పాస్‌పోర్టు, వీసా, ఎమిరేట్స్ ఐడీ, లేబర్ కాంట్రాక్ట్, చివరి కొన్ని నెలల జీతం వివరాలు ఫోటోలు తీసి మీ ఈమెయిల్‌లో ఒక కాపీ, ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఒక కాపీ ఉంచండి. కువైట్ నుంచి వచ్చినవాళ్లకు పరిహారం దగ్గర పనికొచ్చింది ఇవే. కంపెనీ మీ పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడానికి యూఏఈ కార్మిక చట్టం ఒప్పుకోదు.

జీతం: యుద్ధం పేరు చెప్పి జీతం ఆపితే ఊరుకోవద్దు. చెల్లించాల్సిన తేదీ దాటి 15 రోజులైనా బ్యాంకులో పడకపోతే అది ఆలస్యం కిందికే వస్తుంది. కార్మిక మంత్రిత్వ శాఖ నంబరు 600590000కి ఫిర్యాదు చేయొచ్చు.

ఇంటికి పోవడం: భయంతో చెప్పకుండా పోవద్దు. వరసగా ఏడు రోజులకు మించి చెప్పకుండా డ్యూటీకి రాకపోతే కంపెనీ మీ మీద పారిపోయినట్టు ఫిర్యాదు పెట్టొచ్చు. తరవాత మళ్లీ రావడం కష్టమవుతుంది, రావాల్సిన గ్రాట్యుటీ దగ్గర కూడా చిక్కొస్తుంది. పోవాలనుకుంటే సెలవు రాతపూర్వకంగా తీసుకోండి. మెసేజ్ అయినా సరే, సాక్ష్యం ఉండాలి.

వదంతులు: క్షిపణి వీడియో, పొగ ఫోటో, "రేపటి నుంచి అన్నీ బంద్" అనే ఆడియో వస్తే ముందుకు పంపొద్దు. 2021 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం వదంతులు పంచితే కనీసం ఒక ఏడాది జైలు, లక్ష దిర్హమ్‌ల జరిమానా. సంక్షోభ సమయంలో అయితే కనీసం రెండేళ్లు, రెండు లక్షల దిర్హమ్‌లు. గ్రూప్‌లో ఫార్వర్డ్ చేసినా పంచినట్టే. ఆకాశంలో ఏదైనా కనిపిస్తే వీడియో తీయడం మాని లోపలికి పోండి.

మోసాలు: యుద్ధం వచ్చిన ప్రతిసారీ "ఎంబసీ విమానంలో సీటు ఇప్పిస్తాం, ఇన్ని దిర్హమ్‌లు పంపండి" అనేవాళ్లు పుడతారు. ప్రభుత్వ సమాచారం దుబాయ్‌లోని భారత కాన్సులేట్ నుంచే వస్తుంది. షార్జా దాని కిందికే వస్తుంది. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 800 46342. రాత్రి పగలు పనిచేస్తుంది.

పైసలు: ఉద్రిక్తత ఉన్నప్పుడు రూపాయి పడిపోయి ఒక దిర్హమ్‌కు ఎక్కువ రూపాయలు వస్తుంటే, ఇక్కడ అప్పు తీసి ఇంటికి పంపాలనిపిస్తుంది. వద్దు. కనీసం టికెట్‌కూ, ఒక నెల తిండికీ సరిపడా డబ్బు మీ ఖాతాలో ఉంచుకోండి. 1990లో అన్నీ ఒకే చోట దాచుకున్నవాళ్లు ఎక్కువ నష్టపోయారు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట

ఈ వ్యాసం ఊళ్లో చదువుతున్న అమ్మా, అక్కా, మీకూ చెప్పాలి. టీవీలో ఎర్ర అక్షరాలు చూసి రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసి ఏడిస్తే, మీ అబ్బాయి తెల్లారి అయిదింటికి కంపెనీ బస్సు ఎక్కలేడు. టెహ్రాన్ వేరు, దోహా వేరు, షార్జా వేరు. దాడి ఎక్కడ జరిగిందో పేరు చూసుకోండి. రోజూ ఒక టైము అనుకుని మాట్లాడుకోండి. వాళ్ల కాగితాల కాపీలు మీ దగ్గర ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకోండి.

ఈ యుద్ధాలు మనం మొదలుపెట్టినవి కావు. వాటిని ఆపడం మన చేతిలో లేదు. 1973లో మన ఊరి మనిషికి ఇక్కడ పని దొరికింది ఒక యుద్ధం వల్ల, 1990లో చేతిలో సంచితో అమ్మాన్‌లో నిలబడింది ఇంకో యుద్ధం వల్ల. మూడోసారి వస్తే చేతిలో సంచితో పాటు కాగితాలు, కొంచెం పైసలు, సరైన ఫోన్ నంబరు, పక్క బెడ్ మనిషితో స్నేహం ఉండాలి. అంతవరకు మన చేతిలోనే ఉంది.

తేదీలు ఒక్కచోట

1820 – ఈ తీరపు షేక్‌లతో బ్రిటిష్ సముద్ర ఒప్పందం
1932 – షార్జాలో విమానాల మైదానం
1948 – ఇజ్రాయెల్ ఏర్పాటు, పాలస్తీనీయుల వలస
1953 – ఇరాన్‌లో మొసద్దెఘ్‌ను దించేయడం
1967 – ఆరు రోజుల యుద్ధం
1971 – అబూ మూసా వివాదం, యూఏఈ ఏర్పాటు
1973 – అక్టోబర్ యుద్ధం, చమురు ధర నాలుగు రెట్లు
1979 – ఇరాన్ విప్లవం
1980–88 – ఇరాన్–ఇరాక్ యుద్ధం
1990 – కువైట్ ఆక్రమణ, 1,70,000 మంది భారతీయుల తరలింపు
2015, 2018 – అణు ఒప్పందం, దాని నుంచి అమెరికా తప్పుకోవడం
2023 – అక్టోబర్ 7 దాడి, గాజా యుద్ధం
2025 జూన్ 13–24 – ఇరాన్, ఇజ్రాయెల్ పన్నెండు రోజుల యుద్ధం